నల్లాకు తోరణం

శ్రీరామ్మూర్తి ఆ ఉదయం పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. పెరట్లోని కొబ్బరిచెట్టు నుంచి ఒక కాయ దింపాలి. భార్య భ్రమరాంబ దానితో పచ్చడి చేస్తే ఇడ్లీలు తినాలి. తిన్నాక ఆమెను ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించి, భోజనం వేళకు ఇల్లు చేరాలి. ఉక్కు కర్మాగారంలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషికి అంతకంటే పెద్ద కార్యక్రమాలు ఉండకూడదు. ఉంటే ఏమవుతుందో ఆ తర్వాత ఊరంతటికీ తెలిసింది.

భ్రమరాంబ దగ్గుకు కారణం తెలుసుకోవడానికి నిజానికి డాక్టరు అక్కర్లేదు, డాబా ఎక్కితే చాలు. గాజువాక అవతల ఉన్న వాళ్ళ కాలనీకీ సముద్రానికీ మధ్య ఒక ప్రైవేటు కంపెనీ బొగ్గు యార్డు ఉంది. ఓడల్లోంచి దిగిన బొగ్గును అక్కడ గుట్టలు పోస్తారు. వాటి మీద కప్పు లేదు, కనీసం టార్పాలిన్ కూడా లేదు. గాలి కాలనీ వైపు తిరిగితే ఆ నల్లపొడి కిటికీ గూళ్ళలోకీ, దేవుడి పటాల మీదికీ, ఆరేసిన చీరల మీదికీ, అక్కణ్ణుంచి భ్రమరాంబ గుండెల్లోకీ చేరుతుంది. "దుమ్ముకి దూరంగా ఉండండమ్మా" అంటాడు డాక్టరు ప్రతిసారీ. పి.ఎఫ్. మొత్తం పోసి కట్టుకున్న ఇల్లు ఎక్కడికి జరుగుతుంది? జరిగితే దుమ్మే జరగాలి.

అందుకే కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షుడిగా శ్రీరామ్మూర్తి ఏళ్ళ తరబడి ఒకటే కోరుతున్నాడు, బొగ్గు గుట్టల మీద కప్పు వేయమని. అర్జీ పెట్టినప్పుడల్లా కంపెనీ తరఫున కామరాజు అనే పౌరసంబంధాల అధికారి వచ్చేవాడు. తెల్లచొక్కా, తెల్లబూట్లు. బొగ్గు కంపెనీ మనిషి అంత తెల్లగా ఎలా ఉంటాడో కాలనీలో ఎవరికీ అర్థమయ్యేది కాదు. రుమాలుతో కుర్చీ తుడుచుకుని కూర్చుని, ఇచ్చిన టీ తాగి, "అది మా బొగ్గే అని రుజువేంటి సార్? దుమ్ము మీద పేరు రాసుంటుందా?" అని నవ్వి వెళ్ళిపోయేవాడు. కుర్చీ తుడిచిన రుమాలు నల్లగా అయ్యేది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని మరీ వెళ్ళేవాడు.

రుజువు కోసం శ్రీరామ్మూర్తి అలా కాచుకుని ఉన్నాడు. ఆ ఉదయం కొక్కెం కట్టిన వెదురుగడతో కాయను లాగబోతే, కాయ రాలేదు గాని ఒక మట్ట విరిగి నెత్తిన పడింది. తీసి చూస్తే ఆకు పైభాగమంతా తారు పూసినట్టు నల్లగా ఉంది. పట్టుకున్న చేతులు కూడా నల్లబడ్డాయి. శ్రీరామ్మూర్తికి ఇడ్లీలు గుర్తుకు రాలేదు.

"భ్రమరా! ఇలగ రా! దొరికీసినాది!" అని కేక పెట్టాడు.

భ్రమరాంబ వంటింట్లోంచి వచ్చింది. "ఓలమ్మా, సేతులేటండి అలగయిపోనాయి?"

"బొగ్గు! ఆకు మీద అట్టకట్టీసినాది సూడు. ఇంతకన్నా రుజువేటి గావాల ఆ కామరాజుకి?"

ఆమె వేలితో ఆకు ముట్టుకుని చూసింది. "ఇది జిగటగా ఉన్నాదేటండి? కిటికీకాడ బొగ్గు తుడిస్తే పొడిగా రాల్తాది. ఇది పాకంలాగ అంటుకుంటంది. సీమలు కూడా పట్టినాయి. బొగ్గుకి సీమలు పడతాయేటి?"

"సముద్రం గాలికి సెమ్మ తగిలి జిగటయిపోయుంటాది. ముప్పయ్యేళ్ళు ఫర్నేసుకాడ సేసినాను, బొగ్గు సంగతి నాకు సెప్తావేటి?"

భ్రమరాంబ ఆకు తిరగేసింది. అడుగున తెల్లగా, చుట్టలు చుట్టలుగా, ముగ్గుపిండితో ఎవరో ఓపిగ్గా గీసినట్టు ఉంది. "మరి ఇదేటి, తెల్లగా?"

"బొగ్గు మండితే ఏటొస్తాది? బూడిద. మీద బొగ్గు, కింద బూడిద. సరిపోయింది కదా!"

కావలసిన జవాబు చేతికి చిక్కాక మనిషికి ఇంకో ప్రశ్న చెవికెక్కదు. మట్టను భుజాన వేసుకుని శ్రీరామ్మూర్తి పక్కింటికి నడిచాడు. డాక్టరు సంగతి భ్రమరాంబ గుర్తు చేసింది గాని, అప్పటికి ఆయన గేటు దాటాడు.

పక్కింటి గుణశేఖర్ సంఘానికి కార్యదర్శి. ఉద్యోగం కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. మైకు అంటే ప్రాణం. ఎవరైనా పోతే సంతాప సభకు ముందు కుర్చీల సంగతి కనుక్కునే రకం. నల్లమట్ట చూడగానే ఆయన కళ్ళు మెరిశాయి.

"అదిరింది మూర్తిగారూ! దీన్ని ఊరికే అర్జీకి కుట్టి ఇస్తే ఎవడు చూస్తాడండీ? జనం ఆకు కడతారు, ఎందుకు కడతారు? పండక్కి, పెళ్ళికి. మనం మామిడాకు బదులు ఈ నల్లాకు తోరణం కడదాం. ప్రతి గుమ్మానికీ! ప్రతి ఆటోకీ! శుభకార్యానికి పచ్చతోరణం, అశుభానికి నల్లతోరణం. పేపర్లో ఫోటో పడకపోతే నా పేరు మార్చుకుంటా!"

ఆలోచన బాగుంది. దుర్మార్గం ఏమిటంటే, నిజంగానే చాలా బాగుంది. ఆ వారమంతా కాలనీలో నల్లబడిన మట్టలన్నీ దింపారు. ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని తోరణాలు గుచ్చారు. ఆటోవాళ్ళు హ్యాండిళ్ళకు కట్టుకుని ఆటోనగర్ దాకా తిరిగారు. అక్కడ వర్క్‌షాపుల వాళ్ళు మాకూ కావాలని అడిగి పట్టుకెళ్ళి షట్టర్లకు కట్టుకున్నారు. శ్రీరామ్మూర్తి తన పాత స్నేహితుల కోసం సంచి నిండా తోరణాలు ఉక్కునగరం తీసుకెళ్ళి, సెక్టార్లన్నీ తిరిగి క్వార్టర్ల గుమ్మాలకు స్వయంగా కట్టి వచ్చాడు. సింహాచలం వెళ్ళే భక్తులు దారిలో రెండు తీసుకుని కొండ కింద కొట్లవాళ్ళకు ఇచ్చారు. పేపర్లో ఫోటో పడింది. గుణశేఖర్ పేరు మార్చుకోవలసిన అవసరం రాలేదు.

ఈ సంబరంలోకి చలమయ్య దిగాడు. భ్రమరాంబకు అన్నగారు. భీమిలి అవతల ఊళ్ళో ఆయనకు కొబ్బరితోట ఉంది. ఆ తోట ఆయనకు పొలమే కాదు, పెద్దకొడుకు లాంటిది. ఏ చెట్టు ఏ నెలలో ఎన్ని గెలలు వేసిందో ఒక్కొక్కదాని గురించీ చెబుతాడు, వినేవాడు లేచిపోయినా చెబుతాడు. వేన్‌లో కాయలు తెచ్చి రైతుబజారులో దింపి, చెల్లెలి ఇంట్లో భోంచేసి వెళ్ళడం ఆయనకు అలవాటు.

"ఏటి బావా ఇది, ఇంటికి పీడ పట్టినట్టు నల్లతోరణాలు?" అన్నాడు.

శ్రీరామ్మూర్తి వివరించాడు. చలమయ్య చెల్లెలి వైపు చూశాడు. ఆమె వడ్డిస్తూ మధ్యలో గరిటె పక్కన పెట్టి, గోడ పట్టుకుని దగ్గింది. చలమయ్య చేతిలో ముద్ద కంచంలో వదిలేశాడు.

"మా సెల్లి కోసం నానూ కడతాను బావా. మిగిలిన మట్టలన్నీ నా వేన్‌లో ఎయ్యి. మా ఊళ్ళో రైతులకి కూడా సూపిత్తాను. మా తోట గుమ్మానికి కట్టీస్తాను."

ప్రేమతో చేసిన పని అది. ఆ వేన్ నిండా మట్టలు ఎక్కించినప్పుడు తెల్లటి నలకలు కొన్ని పైకి లేచి మళ్ళీ ఆకుల్లోకే దిగాయి. శ్రీరామ్మూర్తి వాటిని బూడిద అనుకున్నాడు. చలమయ్య చెమట తుడుచుకుంటూ దోమలు అనుకున్నాడు. ఇద్దరిలో చలమయ్యే నిజానికి దగ్గరగా వచ్చాడు గాని, దానివల్ల ఆయనకు ఒరిగిందేమీ లేదు.

తోరణాలు ఎండాయి. జనం వాటిని తీసి పెరట్లో పడేశారు. వానలు వెళ్ళి చలి మొదలయ్యే వేళకు శ్రీరామ్మూర్తికి ఫోన్లు రావడం మొదలైంది. ముందు ఉక్కునగరం నుంచి. "మూర్తీ, మా క్వార్టర్ కాడ కొబ్బరిచెట్టు నల్లబడిపోనాది." తర్వాత ఆటోనగర్ నుంచి. ఆ తర్వాత సింహాచలం కొండ కింది కొట్ల నుంచి. అక్కడ కొబ్బరితోపాటు జామ, అరటి కూడా నల్లబడ్డాయి.

ఇన్నేళ్ళ పోరాటంలో శ్రీరామ్మూర్తి అంత సంతోషంగా ఎప్పుడూ లేడు. విశాఖపట్నం పటం ఒకటి కొని హాల్లో గోడకు అంటించి, ఫోను వచ్చిన చోటల్లా నల్ల స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టాడు. "సూసినావా భ్రమరా? మన కాలనీకే అనుకున్నాం. సింహాచలం దాకా ఎల్తంది ఈ బొగ్గు! ఎంత పెద్ద దుర్మార్గమో సూడు!"

భ్రమరాంబ పటం ముందు నిలబడి కాసేపు చూసింది. "ఏటండీ, మనం తోరణం కట్టిన సోటే నల్లబడతంది. మద్దిలో ఊళ్ళు బాగానే ఉన్నాయి. బొగ్గు గెంతుకుంటూ ఎల్తాదేటి?"

"మనం కట్టిన సోట జనం కళ్ళు తెరిసి సూస్తన్నారు. అదీ ఉద్యమం బలం."

దానికి జవాబుగా ఆమెకు దగ్గొచ్చింది. ఆ వారమే చలమయ్య ఫోన్ చేశాడు. గొంతు గుర్తుపట్టలేనట్టు ఉంది.

"బావా, మీ బొగ్గు మా తోటకి వొచ్చీసినాది. మట్టలన్నీ మసి. కాయ ఎదగట్లేదు. బేరగాడొచ్చి సూసి, తిరిగి ఎల్లిపోనాడు. నానేటి సెయ్యాల?"

"భీమిలి దాకా వొచ్చిందా!" శ్రీరామ్మూర్తి కుర్చీలోంచి లేచిపోయాడు. "ఏడవకు బావా! ఇదే మనకి అన్నిటికన్నా పెద్ద రుజువు!"

ఫోను పెట్టాక వెనక్కి తిరిగితే భ్రమరాంబ నిలబడి ఉంది. "మా అన్నయ్య తోట మీకు రుజువేటండీ?" అంది. ఆయన పటంలో భీమిలి ఎక్కడుందో వెతుకుతున్నాడు. ఇలాంటి మగవాళ్ళను దేశం ఉద్యమకారులంటుంది. ఇంట్లోవాళ్ళు ఏమంటారో రాయడం మర్యాద కాదు.

ఇంతమంది గగ్గోలు పెట్టాక సర్కారులో పైవాళ్ళు కదలక తప్పలేదు. ఒక కమిటీ వేస్తామన్నారు. కమిటీకి ఇచ్చే అర్జీ గుణశేఖర్ రాశాడు. శ్రీరామ్మూర్తి డాక్టరు కాగితాలూ, ఎక్స్‌రేలూ, కిటికీ గూట్లోంచి ఊడ్చిన పొడి పొట్లాలూ తెచ్చి ముందు పెట్టాడు. గుణశేఖర్ వాటిని పక్కకు నెట్టాడు.

"దగ్గు వ్యక్తిగతం మూర్తిగారూ. మీ ఆవిడకి చిన్నప్పట్నుంచీ ఉందంటారు. కిటికీలో దుమ్ము రోడ్డు దుమ్మంటారు. ఆకు మీద ఎవడూ నోరెత్తలేడు. అర్జీలో ఆకు ఒక్కటే పెడదాం. గట్టిగా ఉంటుంది."

శ్రీరామ్మూర్తి ఒప్పుకున్నాడు. భ్రమరాంబను ఎవరూ అడగలేదు. ఎవరి దగ్గు గురించి ఇదంతా మొదలైందో ఆమె టీలు పెట్టింది.

కమిటీ వచ్చే రోజున కాలనీ మధ్య ఖాళీ స్థలంలో పందిరి వేశారు. తాటాకు కాదు, టెంటు కాదు, నల్లబడ్డ కొబ్బరిమట్టలతోనే వేశారు. ఆ ఆలోచన కూడా గుణశేఖర్‌దే. కుర్చీలు, మైకు, మంచినీళ్ళు అన్నీ సిద్ధం. ముందువరసలో తెల్లచొక్కా కామరాజు. వెనక వరసలో చలమయ్య. ఆయన ఒక మట్ట కోసి తెచ్చాడు, పచ్చిదే, చంటిబిడ్డను పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పటాన్ని పందిట్లో గుంజకు కట్టారు.

కమిటీలో మాట్లాడే మనిషి ఒక్కరే, ఉద్యానశాఖ నుంచి వచ్చిన మధులత. ఆమె కుర్చీలో కూర్చోలేదు. పందిరి కిందికి వస్తూనే తల పైకెత్తి చూసి ఆగిపోయింది. ఒక ఆకు లాగి తిరగేసి, సంచిలోంచి భూతద్దం తీసి చూసింది. తర్వాత చాలా నెమ్మదిగా అడిగింది.

"ఈ ఆకులు ఇక్కడే ఉన్నాయా, బయటికి ఎక్కడికైనా తీసుకెళ్ళారా?"

శ్రీరామ్మూర్తి ఛాతీ విరుచుకున్నాడు. పటం దగ్గరికి నడిచి బెత్తం తీసుకున్నాడు. "ఉక్కునగరం మేడమ్. ఆటోనగర్. సింహాచలం కొండ కింద. ఇదిగో ఇది భీమిలి అవతల మా బావ తోట. అన్ని సోట్లకీ నానే సొయంగా..."

"అయ్యో" అంది మధులత.

మైకు ఆన్‌లో ఉంది. ఆ మాట కాలనీ అంతా వినిపించింది.

"ఇది బొగ్గు కాదండీ" అంది ఆమె. "తెల్లదోమ. ఆకు అడుగున ఈ తెల్లటి చుట్టలు కనిపిస్తున్నాయా, అవి దాని గుడ్లు. రసం పీల్చి తియ్యటి జిగురు కారుస్తుంది. కింది ఆకుల మీద ఆ జిగురు పడితే దాని మీద నల్లబూజు పెరుగుతుంది. అందుకే జిగటగా ఉంటుంది, చీమలు పడతాయి."

భ్రమరాంబ పందిరి గుంజ పక్కన నిలబడి ఉంది. ఆమె భర్త వైపు చూడలేదు.

"ఇది మన దేశపు పురుగు కాదు" అంటోంది మధులత. "సముద్రాలు దాటి వచ్చింది."

శ్రీరామ్మూర్తి మునిగేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు ఆ మాట పట్టుకున్నాడు. "ఓడల్లోనా మేడమ్? ఆ బొగ్గు ఓడల్లోనే కదా వొచ్చింది?"

"బొగ్గులో బతకదండీ. మొక్కలతో వస్తుంది. దానంతట అది ఎగిరితే ఎంతో దూరం పోలేదు, అంత బలం లేదు దానికి. నారుమొక్కలు, ఆకులు, మట్టలు మనమే ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోస్తాం. ఒక దేశం నుంచి ఇంకో దేశానికైనా అంతే, ఒక వీధి నుంచి ఇంకో వీధికైనా అంతే." ఆమె పటం వైపు చూసింది. చుక్కలు అన్నీ ఆయన పెట్టినవే.

కామరాజు కాలు మీద కాలు వేసుకున్నాడు.

వెనక వరసలో చలమయ్య లేచాడు. "అయితే బావా, ఆ యాల నా వేన్‌లో ఎక్కించింది ఇదేనా?"

"నానేటి ఎక్కించాను? నువ్వే కదా ఎయ్యమన్నావు..." అన్నాడు శ్రీరామ్మూర్తి. నోరు జారిందని అప్పుడే తెలిసింది, కాని మాట అప్పటికే వెళ్ళిపోయింది.

చలమయ్య తన మట్టను కుర్చీలో పెట్టాడు. "తాను సెడ్డ కోతి వనమెల్లా సెరిసినాదని మా అయ్య అనీవోడు. వనం నాదే అవుతాదనుకోలేదు బావా." భోజనం చేసి వెళ్ళమని చెల్లెలు వెంట పడితే, ఆమె తల మీద చెయ్యి పెట్టి వేన్ ఎక్కాడు. ఆ వేన్ మళ్ళీ ఆ వీధిలోకి రాలేదు.

మధులత కాగితం తీసింది. "ఈ కాలనీకి ఏడాది రెండేళ్ళలో కొత్త మొక్కలేమైనా వచ్చాయా?"

అంతా మాట్లాడటం తెలిసినవాళ్ళు గనుక గుర్తు చేసుకోవడం వాళ్ళ పని కాదు. చివరికి భ్రమరాంబే అంది.

"పోయినేడు పర్యావరణ దినమని కంపెనీవోళ్ళు పొట్టి కొబ్బరిమొక్కలు పంచినారు కదమ్మా. మా పెరట్లో పెద్దసెట్టు కిందే పాతినాం. ముందు అదే నల్లబడింది."

కామరాజు కాలు కిందికి దిగింది. నీళ్ళ గ్లాసు కోసం చూశాడు. శ్రీరామ్మూర్తి ముఖంలోకి రక్తం వచ్చింది. రుజువు! ఇన్నాళ్ళూ పెరట్లోనే ఉంది, రోజూ తనే నీళ్ళు పోశాడు.

"వాటితోనే వచ్చి ఉండొచ్చు" అంది మధులత. "కాని ఇప్పుడు చెప్పలేమండీ. ఇది ఈ ఒక్క కాలనీలోనే ఉన్నప్పుడు నన్ను పిలిచి ఉంటే, ఎక్కణ్ణుంచి మొదలైందో తేలేది. ఇప్పుడు ఊరంతా ఉంది. ఎవరి చెట్టు నుంచి ఎవరి చెట్టుకి వెళ్ళిందో దేవుడికే తెలియాలి. నేను రాయగలిగింది మూలం తెలియదు అని మాత్రమే."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాళ్ళు లోకంలో కోట్లమంది ఉంటారు. ఆకులు పట్టుకుని మరీ చేతులు కాల్చుకున్నవాడు శ్రీరామ్మూర్తి.

ఆమె కారు ఎక్కబోతుంటే భ్రమరాంబ ఒక తెల్లగుడ్డ తెచ్చి చూపించింది. ఆ పొద్దున కిటికీ గూడు తుడిచిన గుడ్డ. "అమ్మా, ఇది కూడా ఒకసారి సూడండి. ఇది జిగట లేదు. పొడి. దీనికి సీమలు పట్టవు."

మధులత గుడ్డ చూసింది, వేళ్ళ మధ్య పొడి రాసి చూసింది. ఆమె అబద్ధాల మనిషి కాదు. "ఇది వేరేనమ్మా. ఇది నిజంగానే బొగ్గులా ఉంది. కాని నేను పురుగుల మనిషిని. మీ అర్జీలో ఆకు తప్ప ఇంకేమీ రాయలేదు. దీనికి మళ్ళీ వేరే అర్జీ పెట్టుకోవాలి." ఆమె గొంతులో జాలి ఉంది. జాలి ఏ శాఖ పరిధిలోకీ రాదు గనుక అది అక్కడితో ఆగిపోయింది.

నెల తిరక్కుండా కంపెనీ గేటు పక్కన పెద్ద బోర్డు లేచింది. 'కాలనీలోని నలుపునకు కారణం బొగ్గు కాదు, పురుగు. శాస్త్రీయంగా తేలిన నిజం.' కింద కమిటీ నివేదికలోంచి కంపెనీకి కావలసిన వాక్యం ఒకటి, ముద్రతో సహా. ఆ రోజు నుంచి ఎవరు ఏ అర్జీ పెట్టినా దాని నకలే జవాబుగా వచ్చేది. మంచినీళ్ళ ట్యాంకులో నలుపు తేలిందని ఒకరు రాస్తే పురుగు అన్నారు. బడిలో పిల్లల పుస్తకాలు నల్లబడ్డాయని టీచరు రాస్తే పురుగు అన్నారు. బొగ్గు గుట్టలు ఇంకో మనిషెత్తు పెరిగాయి. కప్పు మాట ఎత్తేవాడు లేడు.

సంఘం అత్యవసర సమావేశం పెట్టి శ్రీరామ్మూర్తిని దించేసింది. ఊరికి తెగులు అంటించినవాడు అధ్యక్షుడిగా ఉండటం కాలనీ పరువుకు భంగమని తీర్మానం. తోరణాల ఆలోచన ఎవరిదో మినిట్స్‌లో లేదు. మినిట్స్ రాసింది గుణశేఖర్. కొత్త అధ్యక్షుడు కూడా ఆయనే. ఆయన మొదటి ప్రసంగంలో కంపెనీతో 'సుహృద్భావ వాతావరణం' అన్నాడు. కాలనీలో ఏదో ఒక వాతావరణం బాగుపడిందని జనం చప్పట్లు కొట్టారు.

సుహృద్భావం తొందరగానే ఫలించింది. తెగులు వల్ల నష్టపోయిన కాలనీకి, చుట్టుపక్కల ఊళ్ళకు కంపెనీ ఉచితంగా కొబ్బరిమొక్కలు పంచుతుందని ప్రకటించారు. భీమిలి దాకా లారీలు వెళతాయట. మళ్ళీ అదే ఖాళీ స్థలం, అదే మైకు. కామరాజు తెల్లచొక్కాతో వచ్చి, రుమాలుతో కుర్చీ తుడుచుకుని కూర్చున్నాడు. ఇంటికి రెండేసి మొక్కలు.

శ్రీరామ్మూర్తి వరసలో నిలబడ్డాడు. తన వంతు వచ్చాక మొక్క అందుకుని, జీవితంలో మొదటిసారి ఆకు తిరగేసి చూశాడు. అడుగున తెల్లటి చుట్టలు. ముగ్గుపిండితో ఎవరో ఓపిగ్గా గీసినట్టు.

"ఆపండి!" అని అరిచాడు. "ఎవులూ తీసుకోకండి! ఆకు తిరగేసి సూడండి! పురుగుంది ఇందులో! ఈల్లే తెచ్చినారు, పోయినేడు కూడా ఈల్లే తెచ్చినారు!"

జనం ఆగారు. ఒక్క క్షణం ఎవరైనా ఆకు తిరగేసి ఉంటే ఈ కథ ఇంకోలా ముగిసేది. కామరాజు మైకు దగ్గరికి నడిచి, ఎప్పటిలాగే నవ్వాడు.

"సరిగ్గా చూడండి సార్. అది బొగ్గేమో."

నవ్వులు స్థలం దాటి వీధి చివరి దాకా వినిపించాయి. గుణశేఖర్ దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంటికెళ్ళి పడుకోండి మూర్తిగారూ. ఇప్పటికే ఊరంతా అంటించారు, ఇంక చాలు." వరస మళ్ళీ కదిలింది. భీమిలి వైపు వెళ్ళే లారీ హారన్ కొట్టింది. శ్రీరామ్మూర్తి చలమయ్యకు ఫోన్ చేశాడు. "మొక్కలు తీసుకోవద్దు బావా" అని ఒక్క మాట చెబుదామని. ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేస్తే స్విచ్ఛాఫ్ అని వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి గాలి కాలనీ వైపు తిరిగి ఉంది. భ్రమరాంబ కిటికీ గూడు తుడుస్తోంది. గుడ్డ నల్లగా అయింది. పొడి రాలుతోంది. చీమ ఒక్కటి కూడా లేదు. తుడుస్తూ తుడుస్తూ ఆమె గోడ పట్టుకుని వంగిపోయింది. ఈసారి దగ్గు చాలాసేపు ఆగలేదు. శ్రీరామ్మూర్తి నీళ్ళు పట్టుకుని వెనక నిలబడ్డాడు. దగ్గు తగ్గాక ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. కొంగు మీద నల్లటి మరక పడింది.

"నల్లగా పడతంది భ్రమరా" అన్నాడు ఆయన. "డాక్టరుకాడికి ఎల్దాం, లెగు."

భ్రమరాంబ మరక వైపు చూసి, గుడ్డ కిటికీలోంచి దులిపింది.

"పురుగేలెండి. కంపెనీవోళ్ళు బోర్డెట్టినారు కదా."